గుడ్లగూబ చూసిన పన్నెండుమంది

నా వంతు రావడానికి ఇంకా ముగ్గురున్నారు. ముందు కళ్ళజోళ్ళ అన్న, ఆ తర్వాత నర్సక్క, ఆ తర్వాత కొండమీది దొంగల తరఫున బైండింగ్ అక్క, అప్పుడు నేను. నా వెనక కండక్టర్ బాబాయ్. ఆయన వంతు వచ్చినా ఆయన చేయగలిగింది ఒక్కటే, పాచిక వేయడం. ఆయన గొడ్డలి వీరుడు కనుమ మధ్యలో బోర్లా పడి ఉన్నాడు. ఈ ఆటలో పడిపోయినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేయాలి, పదికి తక్కువ మూడుసార్లు పడితే మనిషి పోయినట్టే. రెండుసార్లు పడింది. ఆట లోపలి లెక్కలో ఒక చుట్టు తిరిగి రావడానికి ఆరు సెకన్లు. ఈ బల్ల దగ్గర ఆ ఆరు సెకన్లకే దాదాపు గంట పడుతుంది, ఎందుకంటే కళ్ళజోళ్ళ అన్న తన మంత్రాల కాగితాలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పుతాడు, నర్సక్క ఫోనొస్తే గుమ్మం దాకా వెళ్ళి మాట్లాడి వస్తుంది. ఆయన వీరుడికి ఆరు సెకన్లున్నాయి, నాకు గంట ఉంది. ఈ గంటలో నేను ఒక్క మాట అనడానికి సిద్ధపడాలి.

"అన్నా, నువ్వు మంత్రం వెతికేలోపు నేను రిటైరైపోయేలా ఉన్నాను," అంటున్నాడు బాబాయ్. "పడిపోయినవాళ్ళు మాట్లాడకూడదు బాబాయ్, వార్డులోనూ ఇదే గోల నాకు," అంటోంది నర్సక్క. కళ్ళజోళ్ళ అన్న తలెత్తకుండా, "నిప్పు వేయనా, మంచు వేయనా," అని తనలో తను అనుకుంటున్నట్టు బయటికే అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వు సమయానికే వచ్చింది, నవ్వడం నాకు బాగానే వచ్చు. నవ్వుకి వంతు అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు, పెదాలు కదిలిస్తే చాలు, ఉన్నానని లెక్కలోకి వస్తుంది.

అక్క బైండింగ్ షాపులో ఈ బల్ల మీద గోధుమరంగు అట్టకాగితం పరిచి ఉంది. దాని నాలుగు మూలలా కాగితాలు నొక్కే ఇనుప దిమ్మలు. ఫ్యాను వేస్తే పటం లేచిపోతుందని వేయరు, అందుకని గదంతా జిగురు వాసన ఎక్కడిదక్కడే నిలబడి ఉంటుంది. గోడవారన కటింగ్ మిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది, ఆదివారం దానికీ సెలవు. కుట్టాల్సిన ఫారాలు, అంటే అచ్చయిన పుస్తకాల కాగితాలు, తాళ్ళతో కట్టి నేల మీద దొంతర్లుగా ఉన్నాయి. పటం మీద కనుమ, కనుమకి రెండు పక్కలా కొండ, కొండ మీద దొంగలు. దొంగలు నల్లదారం రీళ్ళు. కళ్ళజోళ్ళ అన్న మంత్రగాడు ఆయన షాపులో మిగిలిన ఒక కళ్ళద్దపు కటకం. నర్సక్క దొంగతనాల మనిషి సూది మూత. బాబాయ్ వీరుడు ఆయన యూనిఫామ్ మీంచి ఊడిన ఇత్తడి గుండీ, ఇప్పుడు బోర్లా తిప్పి పెట్టి ఉంది, దారం పోసే కొక్కెం పైకి కనిపిస్తోంది. నేను సగానికి కోసిన రబ్బరు ముక్కని, కొండ పక్కన ఒక దిమ్మ మీద ఉన్నాను. దిమ్మ అంటే బండ. నేను బండ మీద వాలిన గుడ్లగూబని.

నిజానికి నేను డ్రూయిడ్‌ని. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మందు పేరు అనుకున్నాను. అడవి భాష తెలిసిన మనిషి అని అక్క చెప్పింది, నేలని అడిగి పని చేయించుకుంటుంది, జంతువుగా మారుతుంది, కావాలనుకున్నప్పుడు మళ్ళీ మనిషవుతుంది. కథ అక్క నడిపిస్తుంది, మేం నలుగురం అందులో నలుగురు మనుషులం, ఎవరి మనిషి ఏం చేస్తుందో వాళ్ళే చెప్పాలి, అవుతుందో లేదో పాచిక చెబుతుంది. మొదటిరోజు ఎవరిగా ఉంటావని అడిగితే మాట్లాడనక్కరలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగాలనుకున్నాను, అడగలేదు. జంతువుగా ఉన్నప్పుడు డ్రూయిడ్ మాట్లాడలేదు అని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. అది చదివి వేలు దాని మీద పెట్టి చూపించాను. అక్క నా వేలినీ నన్నూ చూసి, సరే అంది. అప్పటి నుంచి ఎనిమిది నెలలు. తోడేలుగా ఉన్నాను, పిల్లిగా ఉన్నాను, ఒకసారి మూడు ఆదివారాలు వరసగా ఎలుకగా ఉన్నాను. బాబాయ్ నన్ను మూగనోము అని పిలుస్తాడు. "మూగనోమూ, ఆ పాచిక ఇటివ్వమ్మా." ఆ పేరు పెట్టినప్పుడు బాధ కలగలేదు. ఒక పేరు పెట్టారంటే నన్ను చూసినట్టే కదా అనిపించింది.

చూడకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఊళ్ళో బడిలో రెండు తరగతులకి ఒకే గది, వీపులు ఆనించుకున్నట్టు కూర్చునేవాళ్ళం, అటువాళ్ళ పాఠం ఇటు వినిపించేది. హాజరు పిలిచేటప్పుడు నేను ఉన్నానండీ అనేదాన్ని, అన్నాననే అనుకునేదాన్ని. నెలాఖరుకి చూస్తే పదకొండు రోజులు రాలేదని ఉంది. ఆ పదకొండు రోజులూ మూడో బెంచీ చివర కూర్చునే ఉన్నాను, నోటు పుస్తకంలో తేదీలేసి పాఠాలు రాసుకున్నాను కూడా. మాస్టారు మంచివారు, నువ్వు వచ్చావటమ్మా అని ఆశ్చర్యపోయి, అన్నీ దిద్దారు. కానీ దిద్దుతున్నప్పుడు ఆయన నన్ను అనుమానంగా కాదు, జాలిగా కూడా కాదు, ఉన్నదో లేదో తెలియని వస్తువు కోసం అలమారాలో చూసినట్టు చూశారు. ఇంట్లో అమ్మమ్మకి చెవుడు. అమ్మ పాలకేంద్రం నుంచి వచ్చి అమ్మమ్మతో అరిచి మాట్లాడేది, ఇంటికొచ్చినవాళ్ళందరూ అరిచేవాళ్ళు, నేను మాత్రం అమ్మమ్మ అరచేతిలో వేలితో గీసేదాన్ని, నీళ్ళంటే ఒక గీత, అన్నమంటే సున్నా, నిద్రొస్తోందంటే అరచెయ్యి మూసెయ్యడం. ప్రపంచంలో నేను ఎక్కువ కబుర్లు చెప్పింది అమ్మమ్మకే, ఒక్కటీ నోటితో కాదు. పై చదువుకని పెద్దమ్మ ఇంటికి వచ్చాక అమ్మమ్మ చెయ్యి లేదు. పెద్దమ్మ మనసు వెన్న, ఎవరొచ్చినా నా గురించి గొప్పగా చెబుతుంది, "బంగారం అండీ, ఇంట్లో ఉన్నట్టే తెలీదు." ఆ మాట విన్న ప్రతిసారీ నేను తల వంచుకుని నవ్వుతాను.

"నిప్పే," అన్నాడు కళ్ళజోళ్ళ అన్న. పాచికలు గలగలమన్నాయి. రెండు దారం రీళ్ళు పటం మీంచి తీసేసింది అక్క. ఇంకా పది. ఆ నిప్పు తప్పు చోట పడింది. నాలుగు అడుగులు కుడికి జరిపి ఉంటే కొండవాలు మీది ముళ్ళ దగ్గర ఆగిపోయిన ఐదుగురూ ఒకేసారి పోయేవాళ్ళు. నాకు తెలుసు. అన్న కాగితాలు తిప్పుతున్నప్పుడే తెలుసు, నాలుక చివర దాకా వచ్చింది, 'కుడికి' అనే ఒక్క మాట, మూడక్షరాలు. ఆ మూడక్షరాలు ఇప్పుడు నోట్లో కరగని బిళ్ళలా ఉండిపోయాయి. ఇలాంటివన్నీ రాత్రి డైరీలోకి వెళ్తాయి.

డైరీలో నేను చాలా మంచి డ్రూయిడ్‌ని. ఆదివారం ఆట అయ్యాక జరిగిందంతా రాసి, దాని కింద జరగాల్సింది రాస్తాను. అక్క రూల్సు పుస్తకం అరువు తెచ్చుకుని రెండుసార్లు చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. కొత్తగా డ్రూయిడ్ అయినవాళ్ళు ఎలుగుబంటిగా మారి అందరికంటే ముందు దూకాలనుకుంటారు, అది తప్పు. డ్రూయిడ్ బలం పంజాలో లేదు, నేలలో ఉంది. శత్రువు ఇప్పుడు ఎక్కడున్నాడో కాదు, తర్వాత ఎక్కడ అడుగు పెడతాడో చూసి అక్కడ ముళ్ళు మొలిపించాలి. పెద్ద జంతువు కంటే చిన్న జంతువు మేలు, ఎలుకని ఎవరూ లెక్కచేయరు, ఎలుక అన్నీ చూస్తుంది. చిన్న గాయాలకి వైద్యం వృథా, మనిషి పడిపోయాక ఒక్క మాటతో లేపితే అది పది కట్లకి సమానం. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద మంత్రాలు ఒకసారికి ఒక్కటే నిలుస్తాయి. ముళ్ళు మొలిపించాక మనసంతా ఆ ముళ్ళ మీదే ఉంచాలి, మనసు చెదిరితే ముళ్ళు మాయం. ఈ వాక్యం నాలుగుసార్లు రాసుకున్నాను. ఎవరో నన్ను చూసి రాసినట్టుంది, నా మనసు ఒకచోట నిమిషం నిలవదు, ఇప్పుడు కూడా చూడు, కనుమలో మనిషి చస్తుంటే నేను మూడో బెంచీ చివర తిరుగుతున్నాను.

ముళ్ళ మీదికి రావాలి. ముళ్ళు నావే. పోయిన ఆదివారం పోరు మొదలైన చుట్టులో బండ వెనక వాలి మనిషినై, పెన్సిల్‌తో పటం మీద కొండవాలు చుట్టూ గీత గీశాను. ఆ మంత్రానికి మాట అక్కర్లేదు, చేతి సైగ చాలు, అందుకే అది ఎంచుకున్నాను. తర్వాతి వంతులోనే మళ్ళీ గుడ్లగూబనైపోయాను. ఆ గీత వల్లే దొంగలు కిందికి దిగలేక పైనుంచి బాణాలు వేస్తున్నారు. "మూగనోము గీసిన గీత కాపాడింది రా అందర్నీ," అన్నాడు బాబాయ్ అప్పుడు. ఆయన వీరుడు పడిపోయాకే అన్నాడు ఆ మాట. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మెచ్చుకోలు నాది కాదు, దొంగిలించిన వస్తువు చేతిలో పెట్టుకుని కూర్చున్నట్టుంది, ఎందుకంటే దానికి ముందు జరిగింది ఆయనకి తెలియదు.

ముందు జరిగింది ఇది. కనుమలోకి దిగే ముందు గుడ్లగూబగా ఎగిరి చూసి రమ్మన్నారు నన్ను. ఈ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది, ముందు వెళ్ళి చూసినవాళ్ళకి కనిపించింది అక్క చీటీ మీద రాసి మడిచి ఇస్తుంది, జంతువు రూపంలో ఉన్నా సరే అది మిగతావాళ్ళకి చెప్పడం చూసినవాళ్ళ పని, అక్క తనంతట తను చెప్పదు. నా చీటీలో ఇలా ఉంది: కొండ మీద పన్నెండుమంది, విల్లులతో. ఎడమ రాయి వెనక నలుగురు, ఎండు చెట్టు దగ్గర ముగ్గురు, కుడివైపు అంచున ఐదుగురు. చదివాను. అప్పుడు బాబాయ్ ఏదో బస్సు కథ చెబుతున్నాడు, ఎవరో ప్రయాణికుడు కోడితో ఎక్కి కోడికి టికెట్ ఎందుకని పోట్లాడిన కథ, అందరూ నవ్వుతున్నారు. నవ్వు ఆగాక చెబుదామనుకున్నాను. నవ్వు ఆగింది, వెంటనే నర్సక్క ఇంకో కథ ఎత్తుకుంది. అది కూడా అయ్యాక చెబుదామనుకున్నాను. మాటకీ మాటకీ మధ్య సందు కోసం చూస్తూ కూర్చున్నాను, రోడ్డు దాటడానికి బండ్ల మధ్య సందు కోసం చూసినట్టు. సందు రాలేదు. వచ్చిందేమో కూడా, కాలు కదల్లేదు. ఇంతలో, "గుడ్లగూబ ఏం అనలేదుగా, దారి ఖాళీ అన్నమాట, పదండి," అన్నాడు బాబాయ్. అక్క నా వైపు చూసింది. ఒక్క క్షణం, ఎక్కువ కాదు. నేను చీటీ మడిచి డైరీలో పెట్టుకున్నాను. ఆయన ముందు నడిచాడు, ఆయన ఎప్పుడూ ముందే నడుస్తాడు. మొదటి నాలుగు బాణాలూ ఆయనకే.

నర్సక్క ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం," అని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. సెలైన్ బాటిల్ గురించి ఎవరినో గదమాయిస్తోంది. బాబాయ్ తన ఇత్తడి గుండీ వైపు చూస్తూ వేళ్ళతో బల్ల అంచు మీద తాళం వేస్తున్నాడు. ఈ వీరుడిని ఆయన మూడేళ్ళుగా ఆడుతున్నాడు, నేను రాకముందు నుంచి. ఆదివారాలు డ్యూటీ పడకుండా ఉండడం కోసం మిగతా ఆరు రోజులూ ఎవరికీ అక్కర్లేని రాత్రి బస్సు ఒప్పుకున్నాడని నర్సక్క ఒకసారి చెప్పింది. ఆయనకి ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. నా గురించి ఎవరూ అడగనందుకు నాకు బాధ, కానీ నేను మాత్రం ఎవరిని అడిగాను. ఆయన ఎడమచేతి వేళ్ళ మధ్య టికెట్లు పట్టుకునే చోట చర్మం గట్టిపడి మెరుస్తుంటుంది, ఎనిమిది నెలల్లో ఆయన గురించి నాకు నిజంగా తెలిసింది అదొక్కటే. అది కూడా గుడ్లగూబలా చూసి తెలుసుకున్నదే.

చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ అవదు. మూడో పాచిక పడుతుంది, వీరుడు పోతాడు, బాబాయ్ రెండు జోకులేసి, ఇంకో మనిషిని తయారు చేసుకుంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు. అక్కకి తెలుసు, అక్క అనదు. నేను వచ్చే ఆదివారం కూడా ఈ స్టూలు మీద కూర్చుంటాను, జిగురు వాసనలో, నలుగురు మనుషుల మధ్య, నవ్వాల్సినప్పుడు నవ్వుతూ. వారంలో మిగతా ఆరు రోజులూ ఈ మూడు గంటల కోసమే ఎలా దాటుకొస్తానో నాకే తెలుసు, కాలేజీలో మధ్యాహ్నం మెట్ల కింద టిఫిను డబ్బా తెరిచి, పుస్తకం అడ్డం పెట్టుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు మధ్యమధ్యలో గేటు వైపు చూస్తూ తినడం. చెబితే ఇది పోవచ్చు. మనం నడుస్తుంటే అంతా తెలిసి చూస్తూ కూర్చుందా ఈ పిల్ల, అని వాళ్ళకి అనిపిస్తే, ఆ తర్వాత ఇలా నా ముందు తేలిగ్గా నవ్వుతారా. ఒక్క మాటతో ఆయన్ని లేపొచ్చు, ఆ సంగతి చెప్పకుండానే లేపొచ్చు. ఊరట మాట అనే మంత్రం ఉంది నా దగ్గర, దూరం నుంచే పని చేస్తుంది, కానీ మాటతో చేసే మంత్రమైతే ఆ మాట ఆడేవాళ్ళే నోరు తెరిచి అనాలన్నది అక్క పెట్టిన నియమం. ఏ మాటైనా సరే, కానీ అనాలి, వినపడాలి. డైరీలో పంతొమ్మిది మాటలు రాసుకున్నాను దాని కోసం. లే, నేల ఇంకా నిన్ను అడగలేదు. లే, నీ ఊపిరి గడ్డిలో పడిపోయింది, తీసుకో. రాస్తున్నప్పుడు ఎంత బాగున్నాయో. ఇప్పుడు తలుచుకుంటే అద్దె బట్టల్లా ఉన్నాయి.

అదీ అంత తేలిక కాదు. ఒక వంతులో ఒక పెద్ద పని, ఒక చిన్న పని, అంతే. గుడ్లగూబ రూపం వదలడం చిన్న పని, ఊరట మాట కూడా చిన్న పనే. రెండూ కుదరవు. మిగతావాళ్ళెవరూ ఈ సంగతి పట్టించుకోలేదు, పోయిన వారం నుంచి నేను మాత్రం దీన్నే తిప్పి తిప్పి చూస్తున్నాను. బుధవారం దొరికింది దారి, పెద్దమ్మ ఇంట్లో బట్టలు మడతపెడుతుంటే. గుడ్లగూబకి ఉన్నది ఒకే ఒక్క ప్రాణపు చుక్క. అది పోతే రూపం దానంతటదే ఊడిపోతుంది, దానికి ఏ పనీ ఖర్చవదు. అంటే బండ మీంచి రెక్కలు ముడుచుకుని పడిపోవాలి. పడితే గుడ్లగూబ పోతుంది, నేను మిగులుతాను, చిన్న పని చేతిలో ఉంటుంది. దెబ్బ మాత్రం నాకు తగులుతుంది, ఆ దెబ్బకి మనసు చెదిరితే ముళ్ళు పోతాయి, దొంగలు దిగొస్తారు. ఇంత మంచి ఎత్తు ఆలోచించి ఎవరికీ చెప్పలేక దుప్పటి సగం మడిచి అలాగే నిలబడ్డాను. "ఏంటే, దయ్యం పట్టినట్టు నిలబడ్డావు," అంది పెద్దమ్మ. ఏం లేదు పెద్దమ్మా అన్నాను. అది ఆ రోజు నేను మాట్లాడిన మూడో వాక్యం, లెక్కపెట్టాను.

నర్సక్క వచ్చి కూర్చుంది. సూది మూత రాళ్ళ నీడలో పాకింది, పాచిక పదిహేడు, ఇంకో రీలు పోయింది. "చూశారా, సైలెంటుగా పని కానిచ్చేశాను," అంది. "మొదటిసారి చూస్తున్నాం నీ సైలెంటు," అన్నాడు కళ్ళజోళ్ళ అన్న. ఇంకా తొమ్మిది. ఇప్పుడు దొంగల వంతు. అక్క పాచికలు చేతిలోకి తీసుకుంది. అక్క చేతుల మీద ఎప్పుడూ ఆరిన జిగురు పొరలుంటాయి, మాట్లాడుతూ గోటితో తీస్తుంటుంది. నా డైరీ కుట్టింది ఆ చేతులే. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలన్నీ చింపి పట్టుకొచ్చి, ఒక పుస్తకంగా కుట్టమని చీటీ రాసి ఇచ్చాను, నోటితో అడగకుండా. కొన్ని కాగితాల మీద రాత ఉండిపోయిందని తర్వాత చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. అక్క చదివిందో లేదో తెలియదు. పుస్తకం ఇస్తూ, "ఆదివారం మధ్యాహ్నం ఖాళీయేనా? మా బల్ల దగ్గర ఒక స్టూలు మిగిలింది," అంది, అంతే. పెద్దమ్మకి బైండింగ్ నేర్చుకుంటున్నానని చెప్పాను, అబద్ధం కాకూడదని గంట ముందే వచ్చి ఫారాలు మడతపెడతాను. ఆ గంటలో అక్కా నేనూ ఏమీ మాట్లాడుకోం. వారం మొత్తంలో నేను మౌనంగా ఉన్నా మౌనంగా ఉన్నట్టనిపించనిది ఆ ఒక్క గంటే.

ఒక బాణం కళ్ళజోళ్ళ అన్నకి తగిలింది. రెండు నర్సక్క పక్కనుంచి పోయాయి. "ఒకడు బండ మీది గుడ్లగూబని చూశాడు," అంది అక్క, "గురిపెట్టాడు." నా గుండె ఒక్కసారిగా తేలికైంది. తగలాలి. తగిలితే గుడ్లగూబ పోతుంది, నేను మనిషినైపోతాను, నేను ఎంచుకున్నట్టు ఉండదు, పడాల్సిన అవసరం ఉండదు, ఎందుకు పడ్డావని ఎవరూ అడగరు. తగలాలి తగలాలి అనుకుంటూ పాచిక వైపు చూశాను. ఆటలో నా మీదికొచ్చే బాణం తగలాలని ఎవరైనా కోరుకుంటారా. పాచిక దొర్లి ఇనుప దిమ్మకి కొట్టుకుని ఆగింది. మూడు. "తప్పిపోయింది," అంది అక్క. తర్వాత పాచికలు పక్కన పెట్టేసి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, నా వైపు చూసింది.

"నీ వంతు."

బాబాయ్ అప్పటికే ఇరవై ముఖాల పాచిక చేతిలోకి తీసుకుని గుప్పిట్లో ఊపుతున్నాడు. ఆయన అలవాటుకొద్దీ నా వంతు దాటేశాడు. అందులో కోపం లేదు, వెటకారం లేదు, నా వంతులో ఏమీ జరగదని ఆయన చెయ్యికి తెలుసు, అంతే. వేసేస్తాడు. గుప్పిట తెరుచుకుంటోంది. నేను అనుకోకుండానే చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఎప్పుడూ ఎవరినీ అలా పట్టుకోలేదు, అమ్మమ్మని తప్ప. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది. చేతిలో గీయడానికి ఇక్కడ గుర్తులు లేవు, ఈయనకి నా గీతల భాష రాదు, అయినా ఒక్క క్షణం నా వేలు ఆయన చర్మం మీద కదిలింది కూడా.

"రెక్కలు ముడుస్తాను," అన్నాను.

గొంతు బొంగురుగా, పక్కింటి గోడ వెనక నుంచి వచ్చినట్టు వచ్చింది. "ఏంటి?" అంది నర్సక్క. "రెక్కలు ముడుచుకుని బండ మీంచి పడతాను. గుడ్లగూబ చచ్చిపోతుంది. అప్పుడు నేను మనిషినవుతా. దానికి పని ఖర్చవదు." కళ్ళజోళ్ళ అన్న కాగితాలు తిప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "అవును కదా," అన్నాడు మెల్లగా. అక్క రెండు పాచికలు నా వైపు తోసింది. పడిన దెబ్బ ఏడు. ఒకటి గుడ్లగూబకి, ఆరు నాకు. ఇప్పుడు ముళ్ళ మీద మనసు నిలిచిందో లేదో, ఇంకో పాచిక. పన్నెండు. నిలిచింది. రబ్బరు ముక్కని నేనే తీసి ఇత్తడి గుండీ పక్కన పెట్టాను.

"మాట," అంది అక్క.

పంతొమ్మిది మాటల్లో ఒక్కటీ లేదు. ఊపిరి, గడ్డి, నేల, అన్నీ ఎటో పోయాయి, తల లోపల ఖాళీ బడిగదిలా ఉంది. ఉన్నదొకటే, వారం రోజులుగా తిరుగుతున్నది, అదే వచ్చింది.

"నేను చూశాను బాబాయ్. పోయిన వారమే చూశాను. పైన పన్నెండుమంది ఉన్నారని చీటీలో ఉంది. చెప్పలేదు. మీరు నవ్వుతుంటే మధ్యలో ఎలా చెప్పాలో తెలీలేదు. తర్వాత చెప్పడానికి భయమేసింది. లే బాబాయ్."

బయట ఎవరో షట్టరు లాగుతున్న చప్పుడు. నర్సక్క అక్క వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. అక్క ఆమెని చూడలేదు. "అదేనా నీ మాట?" అని నన్నే అడిగింది. అదే అన్నాను. "అయితే వెయ్యి." నాలుగు ముఖాల పాచిక వేశాను. రెండు. నా నేర్పుకి మూడు కలిపితే ఐదు. ఐదు చుక్కల ప్రాణం. ఇంకో బాణానికి చాలదు. లేవడానికి చాలు.

"మూడేళ్ళుగా ఆడుతున్న వీరుడు ఆయనది," అంది నర్సక్క. నాతో కాదు, ఎవరితోనూ కాదు, బల్లతో అన్నట్టు. "ఒక్క ముక్క చెప్తే పోయేది." కళ్ళజోళ్ళ అన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, వాటి మీద ఏమీ లేదు. నేను బాబాయ్ మణికట్టు ఎప్పుడు వదిలేశానో గుర్తు లేదు. నా చేతులు నా ఒళ్ళో ఉన్నాయి. ఇలాగే ఉంటుందని అనుకున్నాను, ఇంతకంటే ఎక్కువ చప్పుడుగా ఉంటుందనుకున్నాను, అంతే తేడా. ముళ్ళ మీద మనసు ఉంచాలి అనుకున్నాను. స్టూలు మీంచి లేవకూడదు అని కూడా అనుకున్నాను, లేస్తే తలుపు వైపే వెళ్తాను, వెళ్తే మళ్ళీ రాను.

బాబాయ్ పాచికని బల్ల మీద పెట్టేశాడు, వేయకుండా. ఇత్తడి గుండీ తీసి, బొటనవేలితో ఒకసారి తుడిచి, తిరగేసి, బొమ్మ వైపు పైకి పెట్టాడు. నా వైపు చూడలేదు. పటం వైపే చూశాడు, ముళ్ళ గీతనీ, కొండనీ, మిగిలిన రీళ్ళనీ. ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"నువ్విప్పుడు వాళ్ళకి కనపడతావు," అంది అక్క నాతో. "వాళ్ళ వంతు మళ్ళీ వస్తుంది."

తెలుసన్నాను.

"ఆ చీటీలో ఎవరెవరు ఎక్కడెక్కడున్నారని ఉంది?" అన్నాడు బాబాయ్. గొంతులో ఏమీ లేదు, కోపమూ లేదు, ఎప్పుడూ ఉండే ఆటపట్టింపూ లేదు. తర్వాతి స్టాపేదని అడిగినట్టు అడిగాడు. మూగనోము అనలేదు, అమ్మా అనలేదు.

"ఎడమ రాయి వెనక నలుగురు," అన్నాను.

"వినపళ్ళేదు," అన్నాడు, తలెత్తకుండానే.

మళ్ళీ అన్నాను.